చివరి జానెడు

రాత్రి తొమ్మిదిన్నరకి
నా గది పైకప్పు మీద విమానం దిగుతుంది.

రియెకా రేవు పక్కన పాత మేడ మాది.
ఉప్పుగాలికి గుల్లబారిన గోడలు
ఏ మాటనీ కడుపులో దాచుకోలేవు.
నాలుగో అంతస్తులో నెవియా,
మూడింట్లో నేను, రొట్టెల బట్టీ వాణ్ణి,
రెండు గంటలకే లేవాల్సినవాణ్ణి.
మొదట్లో చీపురుకర్రతో కప్పు పొడిచాను.
మర్నాడు వచ్చి తలుపు కొట్టింది:
"పైకి రా. చూసి తిట్టు."

ఇస్త్రీ బల్ల మీద రెండు తెరలు.
కుట్టుమిషను తొక్కుడుపలక అడ్డంగా బిగిస్తే చుక్కాని.
ఎవరో కుర్రాడు విసుగెత్తి అమ్ముకున్న థ్రాటిల్.
తెరలో నూట డెబ్బై టన్నుల ఎయిర్‌బస్
ముప్ఫై అయిదు వేల అడుగుల ఎత్తున
దిగే ఊసే లేనట్టు నిలబడి ఉంది.

"ఎత్తుని మూడుతో హెచ్చవెయ్యి.
నూట అయిదు మైళ్ళ ముందే దిగడం మొదలవ్వాలి.
వెనక గాలుంటే ఇంకో పది కలుపు.
మొండిఘటం ఇది.
దిగమంటే పరిగెడుతుంది,
నెమ్మదించమంటే దిగనంటుంది.
రెండూ ఒక్కసారే అడక్కూడదు.
మా ఆయనా అంతే."

ముప్ఫై ఒక్కేళ్ళు రేవులో క్రేను నడిపింది.
ఎత్తడం మోటారు పని, దింపడం మనిషి పని అంటుంది.
పైనుంచి చూస్తే పెట్టె అగ్గిపెట్టంత,
కింద ఎవడో చెయ్యి ఊపుతూ ఉంటాడు.
ఆ చివరి జానెడు దూరంలో
నేల తగిలిందని పెట్టెకి తెలియకూడదు.
"ఒక్కసారి తెలిసింది.
ఒట్టావియో అని, కొత్తగా చేరినవాడు, వాడి కాలు..."
మాట అక్కడ వదిలేసి
ఫ్లాప్స్ ఇంకో మెట్టు దించింది.

ఆ తర్వాత నేను కప్పు పొడవలేదు.
చీకట్లో పడుకుని వినేవాణ్ణి.
యాభై, నలభై, ముప్ఫై అని
యంత్రం గొంతు అడుగులు లెక్కపెడుతుంది.
ఇరవైకీ పదికీ మధ్య ఎడం పెరిగిందంటే
ముక్కు సరిగ్గా ఎత్తిందని అర్థం.
ఎడం లేకపోతే తిట్టు వినపడుతుంది,
రేవు భాషలో, ఇక్కడ రాయలేనిది.

నిన్న రాత్రి బూర లేచింది.
కొండ మీంచి సముద్రంలోకి దూకే గాలికి ఇక్కడ అదే పేరు,
కిటికీ సందులో నిజంగానే బూర ఊదుతుంది.
ఎదురుగా క్ర్క్ దీవి,
అచ్చు ఒక్కటీ లేని పేరు,
పలికితే గొంతులో గింజ అడ్డుపడ్డట్టుంటుంది.
అక్కడి విమానాశ్రయంలో దీపాలు తప్ప ఏమీ కదలడం లేదు.
నెవియా మాత్రం బయటి గాలినే
అంకె తప్పకుండా లోపలికి ఎక్కించుకుని
ఆ దీవికే దిగుతోంది.

యాభై. నలభై. ముప్ఫై.
ఇంజన్లు ఒక్కసారి అరిచాయి.
మళ్ళీ పైకి.
పన్నెండు నిమిషాలు చుట్టు తిరిగొచ్చింది.
యాభై. నలభై.
మళ్ళీ అరుపు, మళ్ళీ పైకి.
పదకొండు దాటింది, అలారం రెండింటికుంది,
నా పాదాలు రెండూ
మంచం చివర చెక్కని తొక్కుతున్నాయి,
కుడిది కొంచెం గట్టిగా.

మూడోసారి.
ముప్ఫై.
ఇరవై.

పది అని విన్నానో లేదో.
తర్వాత చప్పుడు లేదు.
బయట గాలి, పైన కుర్చీ చక్రాలు.

పొద్దున బట్టీ నుంచి వస్తుంటే
మెట్ల మీద ఎదురైంది.
"మూడోది ఎలా ఉంది?"
"తెలియలేదు" అన్నాను.

బాకీ ఏదో తీరినట్టు తలాడించింది.
కటకటా పట్టుకుని, పక్కకి తిరిగి,
నొప్పి మోకాలు ముందు పెట్టి
ఒక్కొక్క మెట్టే
దిగసాగింది.